ఆరో గుండీ

మా ఆయన దర్జీ. నేనూ దర్జీనే, కాకపోతే బోర్డు మీద ఆయన పేరొక్కటే ఉంది. ఆ గొడవ ఇప్పుడెందుకులెండి. సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరం సరదాగా కొండలెక్కేవాళ్ళం. శిఖరం చేరి వచ్చిన ప్రతిసారీ ఆయన తన పాత కోటు లోపల, లైనింగు మీద ఒక గుండీ కుట్టుకునేవారు. ఇరవై రెండేళ్ళలో పదకొండు గుండీలు. ఏ రెండూ ఒకలాంటివి కావు.

ఆయన మోకాలి ఆపరేషన్ అయి నెల దాటింది. నడవకపోతే కీలు బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగానే చెప్పారు. ఈయన మాత్రం కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయారు. మధ్యాహ్నం ఎండ నేల మీద మెల్లగా జరుగుతుంటే, కోటు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని గుండీలు తడుముతూ ఉంటారు.

"ఇదిగో, మబ్బులు మన కాళ్ళ కింద నుంచి పోయిన చోటు," అంటారు. మిషన్ తొక్కుతున్న నా పాదాలకు తడిగడ్డి తగులుతుంది. తర్వాతది రాగి గుండీ. ఆ కొండ మీద గాలికి ఒకరి మాట ఒకరికి వినపడలేదు. పెళ్ళయ్యాక మేం పోట్లాడుకోని రోజు అదొక్కటే. ఆ పక్కన ముత్యపు గుండీ. తెచ్చుకున్న రొట్టె తినకుండానే ఇద్దరం పైన నిద్రపోయాం. లేచేసరికి లోయంతా నీడ నిండిపోయి, మేమున్న రాయి మీద మాత్రం ఎండ ఉంది. అది కలో నిజమో నాకిప్పటికీ తెలియదు.

"లేచి నాలుగడుగులు వేయండి," అన్నాను ఆ రోజు.

"ఎందుకే? ఈ చుట్టుపక్కల కొండలన్నీ ఎక్కేశాం. ఇంకేం మిగిలిందని?"

నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం భయం వేసింది. ఈ మనిషికి లేవాలనే లేదు.

ఆయన వేళ్ళు ఆరో గుండీ దగ్గరికి వచ్చాయి. చెక్క గుండీ. పదమూడేళ్ళుగా దాన్ని చూసినప్పుడల్లా నా గుండెల్లో రాయి పడుతూనే ఉంది.

"పొగమంచులో ఎక్కాం. ఎంత బాగుందో!"

మిషన్ ఆపేశాను. "అది శిఖరం కాదండీ."

"ఏంటీ?"

"ముందు నడిచింది నేనే కదా. ఆయాసం వచ్చి, ఇదే చివర అని కూర్చున్నాను. మీరు వంగి బూటు లేసు కట్టుకుంటుంటే ఒక్క క్షణం మంచు విడిపోయింది. అసలుది ఇంకా పైన ఉంది. నేను నోరు మూసుకున్నాను."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఎక్కని శిఖరానికి నాచేత గుండీ కుట్టించావా?"

"కుట్టించాను."

"సూదిలో దారం కూడా నువ్వే ఎక్కించావు!"

"ఎక్కించాను."

"కత్తెర ఇటివ్వు."

కత్తెర గదికి అటు చివర, బల్ల మీద ఉంది. నేను కదల్లేదు. "కావాలంటే మీరే తెచ్చుకోండి."

కొరకొరా చూశారు. కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచారు. నన్ను తిట్టుకుంటూ, గోడ పట్టుకుని, ఒక అడుగు, ఇంకో అడుగు. అడుగులు లెక్కపెట్టాను. ఏడు.

ఆరో గుండీ దారం కత్తిరించి, దాన్ని నా అరచేతిలో పెట్టారు.

"జాగ్రత్తగా దాచు," అన్నారు రొప్పుతూ. "ఈసారి ముందు నేను నడుస్తాను."