గిన్తీకి జోడీ

మైసయ్యకు తన చెయ్యి మీద నమ్మకం ఉంది. భయమంతా నోటి మీదే. ఎక్కడ ఏ మాట జారుతుందోనని, దబీర్‌పురాలో జంపఖానాలు నేసే ఆ కార్ఖానాలో చేరిన నాటి నుంచీ నోటికి తాళం వేసుకుని బతుకుతున్నాడు.

పని దొరకని ఏడాది ఎవరింట్లోనో రాగి డేగిసా ఎత్తుకొచ్చాడు. దాన్ని అమ్ముకునే లోపలే దొరికిపోయాడు, మూడేళ్లు పడింది. జైల్లో దరోగా మంచివాడు. చేతికి పని నేర్పితే ఆ చెయ్యి దొంగతనం మానుతుందని నమ్మే రకం. మైసయ్యను మగ్గం ముందు కూర్చోబెట్టాడు. ఏడుస్తూ మొదలుపెట్టిన మైసయ్య ఏడాది తిరిగేసరికి పనిమంతుడైపోయాడు. విడుదల రోజున దరోగా చిట్టీ రాసిచ్చాడు, ఇతనికి పని ఇవ్వవచ్చునని. ఏం లాభం? దాని మీద జైలు ముద్ర ఉందాయె! మొదటి దుకాణంవాడు అది చూసి గల్లాపెట్టె మూసుకున్నాడు. రెండోవాడు కుక్కను అదిలించినట్టు అదిలించాడు. మూడోచోట మైసయ్య చిట్టీ బయటికి తీయలేదు. "వరంగల్‌ల నేర్చుకున్న" అన్నాడు. వెంటనే పని దొరికింది.

ఆ పని చూసే భార్య ఆండాలు పుట్టింటి నుంచి తిరిగొచ్చింది. గడపలోనే నిలబడి ఒక్క మాట చెప్పింది. "మల్లొక్కసారి మన పేరు బజార్ల పడితే నేనుండ. ఒట్టు." ఆమె ఒట్టు వేస్తే తప్పే మనిషి కాదు.

కార్ఖానాలో ఉస్తాద్ ఆగయ్య. అరవై దగ్గరపడ్డవాడు, మాట కరుకు. ఒక్కో మగ్గం మీద ఇద్దరిద్దరు నేస్తారు. మైసయ్యను ఏరికోరి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. నేస్తున్నంతసేపూ ఆ ముసలి కళ్లు తననే తవ్వుతున్నట్టు ఉండేది మైసయ్యకు. "వరంగల్‌ల ఏ గల్లీ?" అని ఒకనాడు అడిగాడు. దారం తెగిందని వంకపెట్టి మైసయ్య వంగిపోయాడు.

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజులు. నూలు దొరకడమే గగనం. అలాంటప్పుడు రెండు మోపుల నూలు కనిపించలేదు. యజమాని బాబురావు నయాపూల్ దుకాణంలో కూర్చుంటాడు, ఇటు తొంగిచూసేది నెలకొకసారి. ఆ పొద్దున మాత్రం పోలీసు జవానును వెంటబెట్టుకుని మండిపడుతూ వచ్చాడు. ఎవర్నీ నోరు మెదపనివ్వలేదు.

"వీండ్లల్ల పాత కేసుగాడు ఎవడన్న ఉన్నడేమో చూడుండ్రి జవాన్ సాబ్! వాడే ఎత్తిండు!"

మైసయ్య తీయలేదు. తీయలేదంటే ఎవడు నమ్ముతాడు? జైలు సంగతి బయటపడితే చాలు, ఆ నూలు తన ఖాతాలోనే. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటానేమోనని చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

జవాను పదిమందినీ వాకిట్లో వరసగా నిలబెట్టాడు. లాఠీ నేలకేసి కొట్టి అరిచాడు.

"చలో, గిన్తీ!"

అంతే. మైసయ్య మోకాళ్లు వాటంతటవే మడతపడ్డాయి. గొంతుక్కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టి తల దించేశాడు. జైల్లో లెక్కపెట్టే వేళ ఆ మాట వినబడితే ఖైదీలంతా అట్లాగే కూర్చోవాలి, జోడీ జోడీగా. మూడేళ్లు, రోజుకు నాలుగుసార్లు. కూర్చున్నాకగానీ తనేం చేశాడో అతనికి తెలియలేదు. తక్కినవాళ్లంతా నిలబడే ఉన్నారు. ఖర్మ కాకపోతే, ఎడమపక్కన జోడీగాడికి చోటు కూడా వదిలాడు! లేద్దామంటే జవాను చూడనే చూశాడు. అయిపోయింది, ఆండాలు ఇక మూట కట్టుకుంటుంది.

జవాను దగ్గరికొచ్చాడు. "ఏయ్, ఐసా బైఠ్‌నా కిస్‌నే సిఖాయా?" ఇట్లా కూర్చోవడం ఎవడు నేర్పాడని.

అప్పుడు పక్కన ఒక ముసలి మోకాలు టక్కుమంది. ఆగయ్య. సరిగ్గా ఆ ఖాళీ చోట్లో గొంతుక్కూర్చున్నాడు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని.

"గుడ్లప్పగించి ఏం జూస్తున్నర్రా? కూసోండ్రి! జోడీ జోడీ!" అని మిగతావాళ్లను కసిరాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అందరూ కూర్చున్నారు. "నేనే నేర్పిన సాబ్. మా మగ్గమోళ్ల రివాజ్. దినమంత వంగి నేసెటోళ్లం, నిలవడితే నడుములు పడిపోతయి."

"గీ రివాజ్ ఎప్పటిసంది? నాకు తెల్వదే!" అన్నాడు బాబురావు.

"మీరు దుకాన్ల కూసునేటోళ్లు సేట్, మగ్గంకాడి ముచ్చట మీకేం ఎరుక? అవుగని, పోయిన వారం రెండు మోపులు రంగులద్దేటోనికి పంపుమని మీరే చిట్టీ రాసిస్తిరి. యాది మరిచిన్రా?"

"అరె, అవునుగదా!" అని బాబురావు నాలుక కరుచుకున్నాడు. జవాను నవ్వి, ఒక తిట్టు తిట్టి, వెళ్లిపోయాడు.

మళ్లీ మగ్గం ముందు కూర్చున్నాక మైసయ్య చేతిలోంచి నేత బిగించే ఇనుప పంజా జారి కింద పడింది.

"ఉస్తాద్... నీకెట్ల ఎరుక?"

"మొదటి దినమే ఎరుక. పేరు వెట్టి పిలిస్తే ఖైదీ లెక్క లేచి నిలవడ్తివి." ఆగయ్య దారాల మీంచి చూపు తిప్పలేదు. "మా తమ్ముడు గూడ జైలుకెల్లి వచ్చినంక గిట్లనే ఉండె. నా పెండ్లాం గిన్నెలు లెక్కవెట్టుకుంట గిన్తీ అంటే, అన్నం ముంగటికెల్లి లేచి, గోడకాడ గొంతు కూసునేటోడు. పక్కన జాగ ఇడిసి."

"ఇప్పుడు ఏడున్నడు?"

"ఎవ్వడు పని ఇయ్యలె. మూసీల పీనుగై దొరికిండు."

ముసలివాడు వంగి పంజా తీసి మైసయ్య చేతిలో పెట్టాడు.

"ఆ జాగల నేను ఒక్కనాడు కూసోలేదురా. ఇంట్ల అందరితోని కలిసి నవ్విన. ఇగ నెయ్యిరా."