మెడ కూర్చున్న చోటు

"జర ఊడ్చి పో, మేడం వస్తున్నదట," అన్నాడు మహేందర్, తల ఎత్తకుండానే.

చందానగర్‌లో మేం కిరాయికుండే ఇంటి వెనక రేకుల షెడ్డులో మా ఆయన గిటార్లు చేస్తాడు. మొదట కొత్తగూడ అపార్ట్‌మెంట్లలో అల్మారాలు చేసే వడ్రంగి. ఒక ఫ్లాట్‌లో విరిగిన గిటారు బాగుచేసి ఇచ్చాక ఐటీ ఆఫీసుల వాళ్ళు ఒకరి ద్వారా ఒకరు రావడం మొదలైంది. పొట్టు ఊడ్చేదాన్ని, సాండ్‌పేపర్ పట్టేదాన్ని, పాలిష్ పూసేదాన్ని, అన్నం వండేదాన్ని నేనే. ఎవరైనా అడిగితే "మా ఆమె ఇంట్లనే ఉంటది" అంటాడు. అబద్ధమేం కాదు. షెడ్డు కూడా ఇంట్లోదే కదా.

ఆ వచ్చే మేడం పేరు రసజ్ఞ. ఆవిడ పాత గిటారు మా దగ్గరికి మళ్ళీ మళ్ళీ వచ్చింది. మెడ గిటారు పెట్టెను కలిసే చోట, మడమ అనే కింది కొస దగ్గర సన్నటి చీలిక. తీగలు వేళ్ళకు అందనంత పైకి లేచేవి. మహేందర్ ప్రతిసారీ మెడ పీకి, ఇంకాస్త జిగురు పోసి, క్లాంపు బిగించేవాడు. "జిగురు తక్కువైంది, గంతే" అనేవాడు. నేను పాలిష్ పూస్తూ చూసేదాన్ని. వాయించినా, వాయించకపోయినా తీగలు మెడను ముందుకు లాగుతూనే ఉంటాయి. పైన కొయ్య కొయ్యను నొక్కుతుంది, కింద విడిపోతుంది. పైగా ఆ గిటారు పగలంతా ఆఫీసు ఏసీలో ఎండి, బయటికొస్తే వాన తేమకు ఉబ్బుతుంది. ఎంత జిగురని ఆపుతుంది? కింది భాగాన్ని లోపలికి లాగి పట్టుకునేది ఏదో ఉండాలి. ఈ మాట ఎవరితో అనాలో తెలియలేదు. అమ్మ ఫోన్ చేస్తే "తిన్నవా, ఏం కూర" దగ్గరే ఆగిపోతుంది. పక్కింటివాళ్ళు పొద్దున తాళం వేసి వెళ్తే చీకటి పడ్డాకే వస్తారు. అత్తమ్మ చంద్రమ్మకు చెప్పబోతే, "వాని పని వానికి తెల్వదా? నీకెందుకే ఆ ఫికరు? ముందుగాల పప్పు మాడకుండ చూస్కో" అంది. పప్పు నిజంగానే మాడుతోంది.

దారి మంచం చూపించింది. ఇల్లు మారిన ప్రతిసారీ మంచం విప్పేదీ బిగించేదీ నేనే. పక్క కర్ర కొసలోకి మేకు కొడితే నిలవదని, కర్రకు అడ్డంగా చిన్న ఇనుప దిమ్మె దూర్చి, కోడు బయటి నుంచి బోల్టును అందులోకి బిగిస్తారు. ఎన్ని ఇళ్ళు మారినా అదే బిగువు. పనికిరాని ముక్కల మీద చాలా రోజులు చేయి తిప్పి చూసుకున్నాను. మహేందర్ సరుకు కోసం జీడిమెట్ల వెళ్ళిన ఒక మధ్యాహ్నం, పాతదానితో విసిగి రసజ్ఞ గారు చేయమన్న కొత్త గిటారు మెడ ముందేసుకున్నాను. మెడ చివర నాలుకలా కొయ్య వదిలి, పెట్టెలో దానికి సరిపడా గాడి తీశాను. నాలుకకు అడ్డంగా దిమ్మెలు, పెట్టె లోపలి నుంచి రెండు బోల్టులు. ఒకటి వీలైనంత కిందికి, చీలిక వచ్చే చోటికి దగ్గరగా. మడమ ముఖాన్ని మధ్యలో కొంచెం తొలిచి అంచులు మాత్రమే ఆనేలా చేశాను. మధ్యలో ఉబ్బు ఉంటే మెడ ఊగుతుంది.

తీగలు బిగించి, అతుకు దగ్గర పలుచటి కాగితం దూర్చి చూశాను. దూరలేదు. చుట్టూ చూశాను. ఎక్కడా దూరలేదు. పెద్దగా నవ్వేశాను. ఆ నవ్వు రేకులకు తగిలి మళ్ళీ నాకే వినిపించింది. చూపిద్దామంటే అక్కడ ఎవరూ లేరు.

మహేందర్ వచ్చి మెడను పట్టి గుంజి చూశాడు. "నువ్వు చేసినవా?" అన్నాడు. ఆఁ అన్నాను. బోల్టులను వేలితో తడిమి, "నేను గూడ గిట్లనే అనుకుంటున్న" అన్నాడు.

మహేందర్ షెడ్డు ఊడ్చమన్న ఆ రోజు, ఊడ్చిన కాసేపటికి రసజ్ఞ గారు వచ్చారు. ఫోన్ లైటు వేసి గిటారు లోపలికి చూశారు. "బోల్టులు కనబడుతున్నాయేంటండీ?"

"కొత్త డిజైన్ మేడం. నేనే ఆలోచించిన."

నేను చాయ్ కప్పులతో గుమ్మంలో ఉన్నాను.

"విప్పితే మళ్ళీ ఇలాగే కూర్చుంటుందాండీ?"

"విప్పుడెందుకు మేడం? జిగురు గూడ పోస్త. డబుల్ గట్టి."

"జిగురు పోస్తే ఇగ విప్పరాదు," అన్నాను.

"నువ్వు బిస్కెట్లు తే," అన్నాడు నవ్వుతూ. "మా ఆమెకు అన్నిట్ల తలకాయ పెట్టుడే." రసజ్ఞ గారు కూడా మర్యాదకు నవ్వారు. నేను బిస్కెట్లు తెచ్చాను.

ఆవిడ వెళ్ళాక చెప్పాను, "వానలు పోయి ఎండలొస్తే కొయ్య కదులుతది. విప్పి, జరంత గీకి, మళ్ళ బిగించాలె. జిగురుంటే పగలగొట్టుడే."

"బోల్టుల మీదనే ఉందంటే ఎవడు నమ్ముతడు? నాకు నేర్పకు."

మర్నాడు పోపు పెడుతుంటే షెడ్డులోంచి కేక. "నవనీతా, తడిగుడ్డ పట్టుకరా! జిగురు కారుతున్నది, జల్ది తుడువు!"

వెళ్ళేసరికి మెడ గాడిలో కూర్చుని ఉంది, చుట్టూ తెల్లటి జిగురు. క్లాంపు బిగించి ఆయన చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్ళాడు. కారిన జిగురు తుడవడం ఎప్పుడూ నా పనే. ఆరకముందే తుడవాలి. ఆరిందంటే ఇక ఎవరి తరమూ కాదు.

క్లాంపు వదులు చేశాను. లోపలికి చేయి పెట్టి బోల్టులు విప్పాను. మెడను రెండు చేతులతో పట్టి లాగితే చప్పుడు లేకుండా వచ్చేసింది. నాలుక తుడిచాను. గాడి తుడిచాను. వేలికి గుడ్డ చుట్టి మూలలు తుడిచాను.

"ఏం జేస్తున్నవే?"

"తుడువుమన్నవ్ గద. తుడుస్తున్న."

"పాగల్ లేసిందా? నా ఆర్డర్ అది!"

"ఆర్డర్ నీదే. చేసింది నేను."

చేయి ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. నా చేతిలోని గుడ్డ లాక్కుని నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు. ఇంట్లోంచి అత్తమ్మ గొంతు, పోపు మాడిన వాసన వచ్చాయి. నేను లేవలేదు. కొయ్య తడి ఆరేదాకా కూర్చుని, బోల్టులు బిగించి, రసజ్ఞ గారికి ఫోన్ చేశాను.

"మేడం, నిన్న అడిగిన్రు గద, విప్పితే మళ్ళ కూర్చుంటదా అని. కూర్చుంటది. నేనే చేసిన, నాకు తెల్సు."



"మీరా అండీ?" అన్నారు. తర్వాత మెల్లగా, "అయితే జిగురు వద్దు. అలాగే ఉంచండి."

ఆ రోజు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. నేనొక్కదాన్నే కూర్చుని అన్నం తిన్నాను. కంచం కడిగి, షెడ్డులోకి వెళ్ళి, ఇంకో మెడకు నాలుక తీయడానికి గీత గీశాను.