ఆ సంతకం నాది కాదు

పదకొండో కోటు, కాలరు కింద చివరి కాజా. అందరూ సన్నకుట్టు అని పిలిచే పిల్ల బట్టను వెలుతురుకేసి పట్టుకుని, కత్తెర మొనతో గుండీ పట్టేంత మేరకు చీల్చింది. చేతికాజాకి ముందు కోత, తర్వాతే కుట్టు. కోశాక వెనక్కి తీసుకోవడమంటూ ఉండదు. అందుకే ఆ కుట్టుగదిలో నలభైమంది ఉన్నా కాజాలన్నీ ఈ పందొమ్మిదేళ్ల పిల్ల బల్ల మీదికే వచ్చేవి. ఒక్క కుట్టు వంకరపోయినా అంతా విప్పి మళ్లీ మొదలెట్టేది. "నీ చాదస్తం తగలెయ్య!" అని మేస్త్రి రోజూ తిట్టేవాడు. అల్లుడి పెళ్లికోటుకి మాత్రం కాజాలు ఆమె చేతే కుట్టించుకున్నాడు, మహానుభావుడు.

ఆ ఉదయం మేస్త్రి బల్ల మీదికి సర్కారు కాయితం ఒకటి వచ్చింది. యేసును నమ్మేవాళ్లంతా 'ఇకపై నమ్మను' అని మధ్యాహ్నంలోగా సంతకం పెట్టాలి. ప్రార్థన మందిరానికి తాళం పడి అప్పటికే నెల. కాయితంలో ఏడు పేర్లున్నాయి. ఆరుగురు పెట్టేశారు, ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే సన్నకుట్టు తల్లితో సహా.

తల్లి వచ్చి చెవి దగ్గర గొణిగింది. "పెట్టెయ్యవే నా తల్లీ. చేత్తో పెట్టు, మనసులో ఆయన్నే ఉంచుకో. ఎవడు చూడొచ్చాడు?"

"నా చెయ్యి మాత్రం నాది కాదేంటమ్మా?"

"నీ మొండితనం మండ! చంపేస్తారే నిన్ను."

సన్నకుట్టు సూదిలో దారం ఎక్కించబోయింది. రెండుసార్లు తప్పింది. "నాకు భయం లేదనుకున్నావా? పొద్దుట్నుంచి ఇదే వరస. అయినా పెట్టను."

మధ్యాహ్నం అధికారి వచ్చి కాయితం పైనుంచి కిందికి చూశాడు. "ఏడుగురూ పెట్టారు. మంచిది."

మేస్త్రి హమ్మయ్య అనుకున్నాడు. సన్నకుట్టు లేచి వెళ్లి చూసింది. తన పేరు పక్కన సంతకం ఉంది. చివరి అక్షరం తోక పైకి తిరిగి ఉంది, బడి రోజుల్లో ఆమె మార్కుల కార్డు మీద తల్లి పెట్టేట్టే. తల్లి ఇటు చూడకుండా ఇస్త్రీపెట్టె రుద్దుతోంది. నోరు మూసుకుంటే చాలు, సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికి పోవచ్చు. నిజం చెప్పొద్దూ, మనమైతే మూసుకునేవాళ్లమే.

"ఆ సంతకం నాది కాదండీ."

"మరెవరిది?"

"ఎవరిదైతేనేం, నాది కాదు. నేను ఆయన్ని నమ్ముతాను."

"నోర్ముయ్యవే!" తల్లి అరిచింది.

సన్నకుట్టు కలం అందుకుని ఆ సంతకం కొట్టేసింది. పక్కనే 'నమ్ముతాను' అని రాసి, తన సంతకం తాను చేసింది. ఒక్క అక్షరం వంకరపోలేదు. అధికారి మొహం కందగడ్డయింది. కాయితం మేస్త్రి వైపు విసిరి, "అందరికీ కనబడేట్టు పెట్టు. ఏమవుతుందో చూస్తారు. రేపొచ్చి కాయితం తీసుకుంటా" అని, పిల్లని వ్యాను ఎక్కమన్నాడు.

"నాలుగు కుట్లున్నాయి, ఆగండి. మీవాళ్ల కోటే" అంది సన్నకుట్టు. ఆ నాలుగూ వేసి, ముడి వేసి, దారం కొరికింది. వేలితొడుగు తీసి బల్ల మీద పెట్టింది. వెళ్తూ ఇస్త్రీ బల్ల దగ్గర ఆగింది.

"అమ్మా, బట్ట మాడిపోతోంది, చూసుకో."

సాయంత్రం టీ వేళకి వ్యాను డ్రైవరు కబురు తెచ్చాడు. పాత రాళ్ల గని దగ్గర మళ్లీ అడిగారట. మళ్లీ అదే మాట చెప్పిందట. అంతే, కాల్చేశారట.

తల్లి గోడకి ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని, ఇస్త్రీపెట్టె ఆపి, మేస్త్రి దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"ఆ కలం ఇలా ఇవ్వండి అన్నయ్యా."

"వద్దమ్మా..." అన్నాడేగాని మేస్త్రి ఆపలేకపోయాడు. ఆమె తన సంతకం మీద అడ్డంగా గీత గీసి, కూతురి మాట కిందే ఆ మాటే రాసింది.

"రేపు వాడొస్తే, ఇంట్లోనే ఉంటానని చెప్పండి."

ఆమె వెళ్లిపోయాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంది. గాలికి కాయితం లేచిపోకుండా దాని మీద పిల్ల వేలితొడుగు బోర్లించి ఉంది.