శుభలేఖల పొద్దుతిరుగుడు

నేను ఒక పొద్దుతిరుగుడు పువ్వును. పొలంలో పూయలేదు, పిఠాపురంలో నూకరత్నం చేతుల్లో పూశాను. నలుచదరపు నా ఒళ్లు ఫ్యాను వచ్చిన అట్టపెట్టెది. రేకులు పాత శుభలేఖలవి, నడుమ ఉన్నవి జాకెట్టు గుండీలు. అట్టముక్కే కదా అని పెదవి విరిచేవాళ్లు విరుచుకోవచ్చు. హాల్లోకి వచ్చినవాళ్ల చూపు ముందు నా మీదే పడుతుంది. పక్కనున్న గోడగడియారం సంగతి అదే చూసుకోవాలి.

ఈ మనుషులది వింత పద్ధతి. పెళ్లయిపోయాక శుభలేఖతో పనేమీ లేదు, అయినా దేవుడి బొమ్మ ఉందని పారెయ్యరు. అలా అటక మీద పేరుకుపోయిన కట్టను దించి నూకరత్నం నన్ను మొదలుపెట్టింది. ఆమె జాకెట్లు కుట్టే మనిషి. బజారు బహుమతులు అందరూ ఇస్తారు, నేను నా చేత్తో చేసిందే ఇస్తానని పట్టుబట్టింది. ఇవ్వాల్సింది ఆడపడుచు సత్యవేణికి, ఆవిడ కొడుకు పెళ్లికి. ఒక సీమంతంలో మాటా మాటా పెరిగి ఆ ఇద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు. ఇప్పుడు సత్యవేణి తమ్ముడి చేతికిచ్చి శుభలేఖ పంపింది. ఈసారైనా వదినతో కలిసిపోవాలని నూకరత్నం ప్రాణం కొట్టుకుంది.

ఆ శుభలేఖను ఆ తమ్ముడు, అంటే నూకరత్నం మొగుడు మహానుభావుడు, భద్రంగా దాచాడు. ఎక్కడనుకున్నారు? సరిగ్గా ఆ పాత కట్టలోనే. నూకరత్నం జాకెట్టు ముక్కలు కత్తిరించే అలవాటుకొద్దీ శుభలేఖలన్నీ దొంతరగా పేర్చి, పైదాని మీద గీత గీసి, ఒక్క ఊపున కోసేసింది. కింద ఏముందో చూడలేదు. నేను చూశాను గానీ అప్పటికి నాకింకా నోరు రాలేదు.

పెళ్లికొడుకును చేసేనాడు నన్ను పాత చీరలో చుట్టి తీసుకెళ్లింది. సత్యవేణి విప్పి, ముచ్చటపడి, ఇంకా బాగా చూద్దామని కళ్లజోడు పెట్టుకుంది. ఒక రేకు దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది. దాని మీద బంగారు అక్షరాల్లో ‘చి. గోవర్ధన్’ అని కొడుకు పేరుంది.

“ఇది మావాడి శుభలేఖ కదే. పెళ్లి కాకుండానే కత్తిరించేశావా?”

నూకరత్నం మొహంలో నెత్తురుచుక్క లేదు. తప్పు మొగుడి మీదికి నెట్టెయ్యవచ్చు. నెట్టలేదు.

“చూసుకోలేదు వదినా, పాతవాటిలో కలిసిపోయింది. కావాలని చేసుంటే నా చేతులు పడిపోవాలి” అంది.

సత్యవేణి లోపలికి వెళ్లింది. నూకరత్నం చెప్పుల కోసం గుమ్మం వైపు చూసింది. నాకూ భయం వేసింది, దాచడమెందుకు. అంతలో ఆవిడ పసుపు గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని తిరిగొచ్చింది. నా నాలుగు మూలలా పసుపు రాసింది.

“ఇప్పుడిదీ శుభలేఖే. మేకు తెండి, ఎదురుగోడకి కొట్టండి” అని నూకరత్నం వైపు తిరిగింది. “నేను మాత్రం ఏం సరిగ్గా చేశానే? కార్డు పంపి ఊరుకున్నాను. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదు.”

ఆమె నుదుట కుంకుమ దిద్ది, పొరుగూరివాళ్లను పిలిచినంత మర్యాదగా, “రేపు మా గోవర్ధన్ పెళ్లి. నువ్వూ తమ్ముడూ తప్పకుండా రావాలి” అంది.

నడింట్లో నిలబడి ఏడుస్తూ, “వస్తాం వదినా” అంది నూకరత్నం.