పెళ్ళి గొడుగు

తార్నాకలోని ఆ సందులో ఎవరూ ఆకాశం చూసి బట్టలు ఆరేయరు. మూతబడ్డ గొడుగుల కంపెనీని యూనివర్సిటీ క్యాంపస్ వాళ్ళు మ్యూజియం చేశారు కదా, దాని కిటికీ వంక చూస్తారు. అద్దాల బీరువాల్లోని గొడుగులు వాటంతటవే విచ్చుకుంటే వాన వస్తున్నట్టు. ముడుచుకుని ఉంటే మిరపకాయలు ఎండబెట్టుకోవచ్చు.

ఒక్క ఎర్ర గొడుగు మాత్రం ఏ వానకూ కదలదు. కంపెనీలో పనిచేసే ఆడామగా పెళ్ళాడితే, ఇద్దరికి సరిపడే అలాంటి గొడుగు సేటు కానుకగా ఇచ్చేవాడు. ఎవరూ అందుకోక మిగిలిపోయింది అది.

ఆ ఆదివారం సాలమ్మ, బిక్షపతి దాని ముందే నిలబడ్డారు. ఇద్దరికీ అరవై దాటాయి. ఒకప్పుడు ఆమె అక్కడ గుడ్డ కుట్టేది, అతను ఊచలు బిగించేవాడు. ఆమె కుట్టుమిషన్ మ్యూజియంలో ఇప్పటికీ నూనె పెట్టినట్టు మెరుస్తోంది. అతను మనసులో మాట చెప్పేలోపే కంపెనీ మూతబడింది. తర్వాత ఎవరి పెళ్ళి వాళ్ళకయింది, ఎవరి తోడు వాళ్ళకు పోయింది. ఆమె క్యాంపస్ హాస్టల్లో వంటమనిషి, అతనిది లాలాపేట్. వారం వారం ఇక్కడ కలిసి బోలెడన్ని కబుర్లు చెప్పుకుంటారు, ఆ ఒక్క మాట తప్ప. బిక్షపతి అంత పిరికివాడు ఎక్కడా ఉండడు.

“రేపు జనగామ పోతున్న. అక్క దగ్గర్నే ఉంటా ఇగ,” అంది సాలమ్మ.

బిక్షపతి ఎర్ర గొడుగు వంకే చూస్తూ అన్నాడు, “మంచిగ... మంచిగ పోయిరా.”

టప్పుమని ఎర్ర గొడుగు విచ్చుకుంది.

“వాసంతీ, మిర్చి తియ్యి! పెద్ద గొడుగే తెరుచుకున్నది, వాన దంచుతది!” సందులో ఎవరో అరిచారు. దుప్పట్లు, వడియాలు ఇళ్ళలోకి పరుగెత్తాయి. ఎండ మాత్రం మండిపోతూనే ఉంది. ఒక్క చినుకు రాలలేదు. జనం తిట్టుకుంటూ, నవ్వుకుంటూ కిటికీ దగ్గర మూగారు.

మ్యూజియం చూసుకునే అమల బీరువా తాళం తీసి గొడుగు బిక్షపతి చేతిలో పెట్టింది. “మీ ముంగటనే తెరుచుకున్నంక గీడ ఉంచం తాతా. మీదే ఇగ.”

“వాన లేకపాయె. మరెందుకు తెరుచుకున్నదంటవ్?” సాలమ్మ అతని ముఖంలోకి చూస్తూ అడిగింది.

కిటికీ నిండా జనం. అయినా ఈసారి బిక్షపతి నోరు పెగిలింది. “నువ్వు పోవద్దని. పెళ్ళి చేసుకుందాం సాలమ్మా.”

సాలమ్మ పకపకా నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “గీ మాట చెప్పనీకి గొడుగు తెరుచుకోవాల్నా? ఆగు, అక్కకు ఫోన్ చేస్త.”

“రానని చెప్తవా?”

“కాదు. నువ్వే రా అని, పెళ్ళికి.”

మిట్టమధ్యాహ్నం ఎండలో, ఒకే గొడుగు కింద ఇద్దరూ లాలాపేట్ దారి పట్టారు. వెనక వాసంతి మిరపకాయలు మళ్ళీ ఆరబోస్తోంది.