ఎడమపక్క మనిషి

మా ఆయన చేసిన క్షవరానికి వంక పెట్టినవాడు లేడు. అలాంటి మనిషి పక్షవాతం వచ్చాక తన గడ్డం తనే గీసుకుని, అద్దంలో చూసుకుని, "నున్నగా వచ్చింది" అన్నాడు. కుడి చెంప నున్నగానే ఉంది. ఎడమ చెంప మీద గడ్డం ఉన్నది ఉన్నట్టే ఉంది.

"మరి ఆ పక్క సంగతేంటండీ?"

"ఏ పక్క?"

డాక్టరు చూసి చెప్పాడు, కళ్ళు శుభ్రంగా ఉన్నాయట. మెదడులో కుడి సగానికి నెత్తురు అందక కొంత భాగం చచ్చిపోయిందట. ఎడమ చెయ్యీ కాలూ ఆ కుడి సగం చెప్పినట్టు వినేవి కాబట్టి పడిపోయాయి. అంతటితో ఆగినా బాగుండేది. ఎడమపక్క అనేది ఒకటుందన్న సంగతే ఈయన బుర్రలోంచి కొట్టుకుపోయింది. పళ్ళెంలో కుడి సగం తిని, ఇంతేనా పెట్టేది అని దెప్పుతాడు. పళ్ళెం తిప్పి పెడితే మిగతాది తిని, ఇందాకే పెట్టొచ్చుగా అంటాడు. నా ప్రాణం విసిగిపోయింది.

వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి గట్టిగా చెప్పింది. "అమ్మా, మీరు ఎప్పుడూ ఎడమపక్కే కూర్చోండి. అటునుంచే మాట్లాడండి. ఆయన తనంతట తను మెడ తిప్పాలి. ఈ మొదట్లో అలవాటు కాకపోతే తర్వాత కష్టం." మెడ తిప్పని మనిషి వీధి ఎలా దాటుతాడు, ఇంకొకరి గొంతు దగ్గర కత్తి ఎలా పెడతాడు? అందుకని మంచానికి ఎడమపక్క స్టూలు వేసుకుని పాఠం మొదలుపెట్టాను.

"ఇటు చూడండి."

కుడిపక్క కిటికీకేసి చూసి, "ఎవరూ లేరే" అంటాడు.

"అటు కాదండీ, ఇటు. ఆ మెడకేమైనా మేకు కొట్టారా?"

గోడతో మాట్లాడినా ఇంత అలుపు రాదు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి నా గొంతు బొంగురుపోయేది.

ఇది చాలదన్నట్టు నా ఆడపడుచు వచ్చింది. ఎంత చెప్పినా వినకుండా కుడిపక్కే కూర్చుంది. చెల్లెల్ని చూడగానే ఈయన ముఖం వెలిగిపోయింది. "నువ్వొక్కదానివే వస్తున్నావమ్మా. మీ వదినకి నేను అక్కర్లేకుండా పోయాను" అన్నాడు.

అప్పుడు ఆయన ఎడమ చెయ్యి నా ఒళ్ళోనే ఉంది. వేళ్ళు ఒక్కొక్కటీ సాగదీస్తున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆడపడుచు కళ్ళు ఒత్తుకుంది. "వదినా, ఒక్కసారి ఇటు రా. పాపం, నీకోసమే చూస్తున్నాడు."

"నువ్వే ఇటు రా. నీ గారాబం వల్లే ఆ మెడ కదలడం లేదు" అని కసిరాను. మూతి ముడుచుకుని సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక నాకు పట్టుదలంతా జారిపోయింది. ఎంత రాయి చేసుకున్నా మనసు మనసే. లేచి కుడిపక్కకి వెళ్ళి కూర్చున్నాను.

"వచ్చావా? ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు?" అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఈ గదిలో ఎవరో ఒకావిడ ఉందే. పొద్దస్తమానం ఎవర్నో తిడుతూనే ఉంటుంది. పాపం, ఆవిడకి ఎవరూ లేనట్టుంది."

నాకు ఏడుపొచ్చింది. చెంగుతో ముఖం తుడుచుకుని లేచాను.

"మళ్ళీ ఎక్కడికి?"

"ఆవిడ దగ్గరికి."

మంచం కాళ్ళవైపు నుంచి చుట్టూ నడిచాను. మళ్ళీ మాయమైపోతానని భయం కాబోలు, చూపు నా వెంటే వచ్చింది. మంచం మధ్యకి వచ్చేసరికి ఆగిపోయింది. నేనూ ఆగాను. ఒక అడుగు వేశాను. ఆయన గడ్డం కాస్త జరిగింది. ఇంకో అడుగు వేశాను. మెడనరాలు బిగుసుకున్నాయి, నుదుటి మీద చెమట పట్టింది.

"మెల్లగా నడవలేవా? నీ వెంట తిరగలేక మెడ పీకుతోంది" అని విసుక్కున్నాడు.

అప్పటికి నేను ఎడమపక్కకి వచ్చేసి ఉన్నాను.