మస్కట్ మొక్కల లేబుళ్ళు

ఆ అక్షరాలు తన మీద పగబట్టాయని పదకొండింటికల్లా తబితకి రూఢి అయిపోయింది.

కడియంలో నర్సరీల దారిలో ఆమెదో చిన్న డీటీపీ షాపు. మొక్కల లేబుళ్ళే దానికి ఆధారం. పెద్దిరాజు గారి నర్సరీ నుంచి మస్కట్ వెళ్ళే రెండువేల మొక్కలకి ఈసారి అరబ్బీలో లేబుళ్ళు కావాలిట. వేయవలసిన మాటలు అక్కడి వ్యాపారే మెయిల్లో పంపాడు. సూర్యుడి బొమ్మ పక్కన 'ఎండ', నీటిబొట్టు బొమ్మ పక్కన 'నీళ్ళు', కింద రెండు వరుసలు. ఆ కాస్త ముక్కకి కంప్యూటరు పొద్దుటినుంచి ప్రాణం తోడేస్తోంది.

మెయిల్లోంచి తెచ్చి అతికిస్తే ముందు ఖాళీ డబ్బాలొచ్చాయి. ఫాంటు మారిస్తే డబ్బాలు పోయి వరసగా ప్రశ్నార్థకాలొచ్చాయి. తబిత మౌస్‌ని బల్లకేసి కొట్టింది. పదేళ్ళుగా తెలుగు తప్ప మరోటి ఎరగని పాత ప్రోగ్రాం అది, మొండికేసింది. ఎక్కడిదో అరబ్బీ ఫాంటు వెతికి ఎక్కిస్తే, చివరికి అక్షరాలన్నీ కనబడ్డాయి. హమ్మయ్య అనుకుని నమూనా కాగితం ఒకటి తీసింది.

పెద్దిరాజు గారు ఆరోసారి ఫోన్ చేశారు.

"ఏమ్మా తబితా, అయ్యాయా? లారీ రెండింటికి బయల్దేరాలి. పోయినసారిలా తప్పులు పడ్డాయంటే ఇంక రాజమండ్రిలో వేయించుకుంటాను. ఏమీ అనుకోకు."

"అయిపోయాయండి. ప్రింటు కొట్టెయ్యడమేనండి."

ఆయన పని పోతే షట్టరు దించుకోవడమే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, అందుకే అంత మెత్తగా అంటారు.

అంతలో లేబుళ్ళు పట్టుకెళ్ళడానికి పాపాయమ్మ వచ్చింది. నర్సరీలో సంచులకి మట్టి నింపే మనిషి.

"కాసిని మంచినీళ్ళిస్తారామ్మా? ఎండ దంచేస్తోంది."

"ఆగండి పాపాయమ్మ గారూ, ప్రాణం తియ్యకండి. ఆ మట్టికాళ్ళతో లోపలికి రాకండి."

పాపాయమ్మ గుమ్మంలోనే నిలబడింది. బల్ల అంచునున్న నమూనా కేసి మెడ సాచి చూసింది.

"ఇది తప్పమ్మా."

తబితకి ఒళ్ళు మండిపోయింది. హాజరు పుస్తకంలో వేలిముద్ర వేసే మనిషి తనకి తప్పులు దిద్దుతోంది!

"మీకు అరబ్బీ వచ్చేంటి?"

"చదవడం రాదమ్మా. కువైట్‌లో ఎనిమిదేళ్ళు ఇంటిపని చేశాను. 'నీళ్ళు' అన్న మాటొక్కటే ఎరుగుదును. ఈ రెండక్షరాలూ అతుక్కుని ఉండాలి. ఈ బుల్లి కొక్కెం ఎడంపక్కన విడిగా ఉంటుంది. మీరు కుడిపక్కన పెట్టి, అన్నీ విడదీసేశారు."

తబిత విసుగ్గా ఫోన్‌లో మెయిల్ తెరిచింది. పాపాయమ్మ చెప్పింది చెప్పినట్టే ఉంది. కుడి నుంచి ఎడమకి రాసే ఆ మాటల్ని పాత ప్రోగ్రాం ఎడమ నుంచి కుడికి తిప్పేసి, ఏ అక్షరానికా అక్షరాన్ని తెంపేసింది. రెండువేలూ కొట్టేసి ఉంటే!

కంప్యూటరుని, ఫాంటు తయారుచేసినవాణ్ణి, మస్కట్ వ్యాపారిని, తనని కూడా కలిపి తిట్టుకుంటూ మళ్ళీ మొదలుపెట్టింది. వేరే ప్రోగ్రాంలో ఆ మాటలు వేసి, బొమ్మగా మార్చి, లేబుల్లో అతికించేసరికి గంటైంది. మధ్యలో మోగిన ఫోన్ ఎత్తలేదు. కొత్త నమూనా పట్టుకెళ్ళి గుమ్మంలో చూపించింది.

పాపాయమ్మ వేలు నీటిబొట్టు దగ్గర ఆగింది.

"ఆఁ. ఇవీ నీళ్ళు."

"ఎనిమిదేళ్ళున్నారు కదా, ఈ ఒక్క మాటే ఎలా పట్టుబడిందండీ?"

"వెళ్ళిన వారంలోనే నేల తుడిచే మందు మంచినీళ్ళనుకుని గుక్కెడు తాగేశానమ్మా. రెండూ ఒకలాంటి సీసాలే. పదిరోజులు ముద్ద దిగలేదు. అప్పట్నుంచీ సీసా మీద ఈ మాట చూసుకుంటేగాని మూత తియ్యలేదు." ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పి, పాపాయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

తబిత ప్రింటు నొక్కింది. మొదటి కాగితం బయటికొస్తుండగా, ఆవిడ వస్తూనే అడిగిన మంచినీళ్ళు తానింకా ఇవ్వలేదని గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

ఫోన్ మళ్ళీ మోగుతోంది. దాన్నలా మోగనిచ్చి, తబిత గ్లాసు కోసం లేచింది.

"లోపలికొచ్చి కూర్చోండి పాపాయమ్మ గారూ," అంది.